మిర్గానికి గాలం కట్టె

24 ఏప్రిల్ 1962, మంగళారం

నేను సదువు చెప్పే బడికి ఎండకాలం సెలవులిచ్చిండ్రు. పిల్లల లొల్లి లేదు. ఇంట్ల మాట లేదు. పొద్దంత ఎవలతోటి మాట్లాడాలె? అందుకే రాసుకుంటున్న.

మాకొక గాలం కట్టె కావాలె. పెద్ద చేపకు ఆగేది, మా అసొంటోళ్లు కొనగలిగేది.

పాతది మా అత్త భూమవ్వ పొయ్యిల పెట్టింది. శివరాత్రి తెల్లారి. పెట్టుకుంట కట్టెనే తిట్టింది, "నీ పాడుగాను, నా కొడుకును గంగకు పిలిచేది నువ్వేనే" అని. నా పెండ్లికి ముందు సంది మా ఆయన ఆ కట్టెతోనే గంగల, మా గోదావరిల, చేపలు పట్టేది. దాని మంట మీద అత్త అంబలి కాసింది. నేను తాగిన. ఆయన సుత తాగిండు, ఏమనలే. ఏమన్న అంటే బాగుండు.

అష్టగ్రహాలు ఒక్కకాడ కూడుతున్నయి, లోకం మునుగుతదని మాఘంల మంచిర్యాల అంత భజనలు చేసిండ్రు. లోకానికి ఏం కాలే. ఆ వారమే బొగ్గుబాయిల పైకప్పు కూలి ఓదెలు పోయిండు. పక్కనే ఉన్న మా ఆయన రాయమల్లుకు మోచెయ్యి గీరుకపోయింది, గంతే. ఇద్దరు ఒక్క గిన్నెల తిన్న దోస్తులు. ఆనాటి సంది ఈయన బాయికి పోడు, బజారుకు పోడు. గోడ దిక్కు మొకం పెట్టి కూసుంటడు. ఏమన్న అడిగితే "ఊ". అడుగకుంటె అది సుత లేదు.

శివరాత్రి నాడు స్నానానికని గంగల దిగి లోతు సూసుకోలే. పడవాయన ఎంటికలు పట్టి గుంజి ఒడ్డుకేసిండు. లోతు సూసుకోలే, గంతే. అందరికి గదే చెప్పిన.

ఇయ్యాల పక్కింటి మగ్దలేనమ్మ వచ్చింది. దవాఖానల నర్సు. "అక్కా, డాక్టరమ్మను అడిగిన. ఇది మందుల్తోటి అయ్యేది కాదంట. ఇదివరకు దేని మీద పానం ఉండెనో అది చేతికియ్యుమన్నది" అన్నది.

ఇంకేమున్నది? చేపలే. మృగశిర కార్తె మొదలయ్యే మిర్గం నాడు చేప తినకుంటె ఏడాదంత రోగమే అంటరు గదా, మా వాడకట్టంత ఆనాడు ఈయన తెచ్చిన చేపనే వండుకునేది. ఎవలకు ఏ ముక్క పోవాలెనో సుత ఈయనే చెప్పేది.

"మిర్గం లోపల కట్టె కొంట" అన్న మగ్దలేనమ్మతోటి. అన్న గని.

27 ఏప్రిల్, శుక్రారం

బజార్ల సూసిన. గాలాలు, తంగూసు, బెండ్లు అన్ని అమ్మే దుకాణం ఒకటున్నది. ఆడోళ్లు రారేమో, దుకాణాయన నన్ను కిందికెళ్లి మీదికి సూసిండు. గాలాలు, తంగూసు కొన్న. కట్టెలు మాత్రం పిల్లలు ఆడుకునేటట్టున్నయి. మరీ పొట్టి. వద్దన్న.

తంగూసు తక్కువ ధరది తెచ్చిన. ఏ తంగూసైతే ఏంది, దారమే గదా.

2 మే, బుధారం

రైల్వే బంగ్లల వంట చేసే పేతురు వచ్చిండు. మగ్దలేనమ్మ వాళ్ల చర్చి మనిషి. బంగ్లల దొర ఉద్యోగం ఇడిసి వాళ్ల దేశం పోతుండంట, సామానంత అమ్ముతుండంట. అండ్ల గాలం కట్టె ఉన్నదని సంచిల పెట్టుకొని తెచ్చిండు.

అబ్బ, ఏం కట్టె అది! మూడు ముక్కలు. ఒకదాంట్ల ఒకటి దూరుతది. వెదురును చీరి, మల్ల అతికి, మీద మెరుగు పెట్టిండ్రు. కింద ఇత్తడి చక్రం, దాన్ని తిప్పితే దారం చుట్టుకుంటది. డబ్బీల ఈకల తోటి చేసిన ఈగలు ఉన్నయి, ఎర్రయి, పచ్చయి.

"ఊటీల ట్రౌటని చేప ఉంటదమ్మా. చల్లటి నీళ్లల్ల. ఈ ఈగను నీళ్ల మీద ఇట్ల ఎగిరేస్తే నిజం ఈగే అనుకొని వచ్చి మింగుతది. ఎంత పెద్దదైనా ఈ కట్టె ఇరుగది" అన్నడు పేతురు.

"మా గంగల చేపలకు ఈకలు తినే అలవాటు లేదు, మట్టిల తవ్విన ఎర్రలే కావాలె" అన్న. పేతురు నవ్విండు. ధర చెప్పిండు. నా నెల జీతానికి మీదనే ఉన్నది.

ఇంక మాటెందుకని దండం పెట్టిన. ఎందుకో గని ఆ ధర ఇనంగనే నా పానం నిమ్మలమైంది.

3 మే

పేతురు మల్ల వచ్చిండు. దొర ఎల్లుండే రైలెక్కుతుండంట, "మీరెంతిస్తె అంతనే అమ్మా" అన్నడు.

నాకు చెమటలు పట్టినయి. "ఆ చక్రం మా ఆయనకు తిప్పరాదు" అన్న.

గోడ అవతలికెళ్లి మగ్దలేనమ్మ ఇన్నది. "అవునక్కా, బాయిల అంతంత బొగ్గు టబ్బులు నూకినోడికి ఆ చారెడు చక్రం తిప్పరాదా?" అన్నది. నేను ఇననట్టే ఇంట్లకొచ్చిన. కట్టె కొనేది నేను. నాకు నచ్చాలె.

5 మే

ఇయ్యాల ఏ కట్టె సూడలే. ఎండ.

6 మే

ఇయ్యాల సుత ఎండనే.

11 మే, శుక్రారం

అత్తతోటి కొట్లాట అయింది. కట్టె సంగతి ఎవలో ఆమె చెవిల ఏసిండ్రు.

"నువ్వు కొని తేపో, నేను మల్ల పొయ్యిల పెడ్త. ఎన్ని తెస్తవో తే" అన్నది.

"డాక్టరమ్మ చెప్పింది అత్తా."

"డాక్టరమ్మ కన్నదా వాన్ని? నేను గన్న. పిల్లా, నీకు బుగులైత లేదా?"

"నాకెందుకు బుగులు? ఆనాడు లోతు సూసుకోలే."

అత్త నా దిక్కు సూసింది. తిట్టలే. మెల్లగ అన్నది, "సదువుకున్నదానివి. పుట్టినకాడికెళ్లి ఆ గంగలనే ఈదినోడికి లోతు ఎరుక గాదా బిడ్డా?"

నాకు పనుందని లేచిన. బియ్యం ఏరిన. ఏరినయే మల్ల ఏరిన. మా ఇద్దరి మాటలు ఆయన ఇనేటట్టే ఉన్నయి. గోడ దిక్కు సూసుకుంట కూసున్నడు.

18 మే

రెండు కట్టెలు సూసిన. ఒకటి వంకర. ఇంకోటి మంచిగనే ఉన్నది గని, మరీ మంచిగ ఉన్నది. నమ్మబుద్ధి కాలే.

22 మే, మంగళారం

ఇయ్యాలటిది రాస్తున్న. నవ్వుతోటా, ఏడ్పుతోటా, నాకే తెలుస్త లేదు.

మగ్దలేనమ్మ పొద్దుగాలనే దులిపింది, "మిర్గం వస్తున్నదక్కా, నీ కట్టె ఎప్పుడు వస్తది?" అని. రోషానికి కట్టెల అడితికి పోయిన. ఆడ అంతయ్య అని ముసలాయన ఉన్నడు.

"బరువుకు ఆగే వెదురు కావాలె" అన్న.

"ఎవలికి బిడ్డా?"

"మా ఆయనకు."

ఆయన నెత్తి మీది రుమాలు తీసిండు. "ఎంత మనిషి?" అన్నడు.

కట్టె మనిషికి తగ్గట్టు ఉండాలె గావచ్చనుకొని "మంచి పొడుగే" అన్న.

"పచ్చి బొంగులు తీస్కపో, ఎండినయి పలుగుతయి. రెండు తీస్కపో." ఒకటి ఇరిగితే ఇంకోటి ఉంటదని నేను సుత రెండే అనుకున్న. పైసలియ్యబోతే సగమే తీసుకున్నడు. "ఇసొంటి దానికి బేరం చేస్తమా తల్లీ" అన్నడు. గాలం కట్టెకు సగం ధర, ఎంత ధర్మాత్ముడని మురిసిన.

ఇంట్ల నీళ్ల కుండ పలిగింది. పక్క దుకాణంలనే ఒక కొత్త కుండ కొన్న. కొబ్బరి తాడు సుత ఒక చుట్ట తీసుకున్న. అన్ని రాజయ్య ఎడ్లబండిల ఏసి, "మా ఇంటి ముందల దించి పో అన్నా" అని చెప్పి, నేను చింతపండుకు ఆగిన.

మా వాడకట్టు మూల మలుగుతుంటెనే ఏడ్పులు ఇనొచ్చినయి. మా ఇంటి ముందల మంది. ఆడోళ్లంత కొంగులు నోట్ల కుక్కుకున్నరు. నాకు కుండ యాదికి రాలే, బొంగులు యాదికి రాలే. "గంగకు పోయిండు" అనుకున్న. గదొక్కటే అనుకున్న. ఎవలిదో దడి పట్టుకొని కూలవడ్డ. చింతపండు ఏడ పడ్డదో నాకు తెల్వదు.

నన్ను సూసి ఏడ్పులు ఇంకింత లేచినయి. ఎదురింటి కొమురవ్వ ఉరికొచ్చి నా మెడ వట్టుకొని "నీ బొట్టు చెదిరెనా నా తల్లీ" అని రాగం తీసింది. మా అత్త పిండిగిర్ని కాడికెళ్లి వచ్చి, వాకిట్ల బొంగులు, కుండ, తాడు సూసి, "నా కొడుకా" అని దబ్బున పడ్డది.

అప్పుడు దర్వాజల మా ఆయన నిలవడ్డడు.

ఎనుక పెరట్ల మంచంల పండుకున్నడంట. లొల్లికి లేచి కండ్లు నులుముకుంట వచ్చిండు. మందిని సూసిండు. అందరు ఆయనను సూసిండ్రు. ఏడ్పు ఏడికక్కడ ఆగింది.

"ఎవలు పోయిండ్రే?" అన్నడు.

నాలుగు నెలలకు వచ్చిన మాట అది. ఎవలకు నోరు రాలే. కొమురవ్వకే వచ్చింది. "నువ్వే గద బిడ్డా!" అన్నది.

"నేనా?"

వాకిట్లకు దిగిండు. బొంగులు సూసిండు. పక్కకు కొత్త కుండ. కొబ్బరి తాడు. "గివి ఎవలు తెచ్చిండ్రు?"

"నేనే" అన్న. "గాలం కట్టెకు."

ఒక బొంగు లేపిండు, బరువు సూసిండు. రెండోది లేపిండు. "లచ్చిమీ" అన్నడు, "వీటికి చేప గాదే, నేనే ఆగుత."

అని నవ్విండు. మొదలు ముక్కుతోటి వచ్చింది నవ్వు, తర్వాత కడుపుల కెళ్లి. బొంగు కింద పడేసి, పొట్ట పట్టుకొని, గద్దె మీద కూసొని నవ్విండు. మంది సుత నవ్వుడు మొదలుపెట్టిండ్రు. కొమురవ్వ ముక్కు తుడుసుకుంట "ఇంత ఏడ్పు దండుగ చేస్తివి గదరా! ఇంకోసారి పిలిస్తె రాను" అన్నది. మా అత్త లేచి పోయి ఆయన ఈపు మీద చెయ్యి అరిగేదాక కొట్టింది, కొట్టి కొట్టి అదే ఈపు మీద పడి ఏడ్చింది.

మంది పోయినంక అత్త నా కాడికొచ్చింది. "బతికుండంగ సచ్చిండని ఏడిస్తే ఆయుష్షు పెరుగుతదంటరు పిల్లా. వాని గండం గీ వాకిట్లనే పోయింది. కొను నీ కట్టె" అన్నది.

కొత్త కుండల నీళ్లు పోసి పెట్టింది. చల్లగనే ఉన్నయి.

23 మే

మల్ల "ఊ" నే. గోడ దిక్కే.

కాదు, సక్కగ రాయాలె. సగం గోడ దిక్కు, సగం వాకిలి దిక్కు.

27 మే, ఐతారం

పొద్దుగాల నేను చెప్పులేసుకుంటుంటె "ఏడికి?" అన్నడు. "మేదరి వాడకు, కట్టెకు" అన్న. "నువ్వొద్దు" అన్నడు. మనసు సల్లబడ్డది. జర ఆగి, "నువ్వు తెస్తె మల్ల ఊరంత ఏడుస్తరు. నేను వస్త" అన్నడు.

ఇద్దరం నడుసుకుంట పోయినం. నడిబజార్ల జనం సూసిండ్రు, సూడనియ్యి.

మేదరి సత్తమ్మ వాకిట్ల చాటలు అల్లుకుంట కూసున్నది. ఎనుక గోడకు కట్టెలు ఆనిచ్చి ఉన్నయి. మా ఆయన ఒక్కొక్కటి తీసి, మొదలు పట్టుకొని కొస ఊపిండు. ఆ ఊపు అరచేతి దాక వస్తదా రాదా అని కండ్లు మూసుకొని సూసిండు. వద్దు. వద్దు. ఇది సుత వద్దు. నాకన్న ఎక్కువ వంకలు పెట్టిండు! ఆఖరికి లోపల బోలు లేని గట్టి వెదురొకటి తీసిండు. నా చిటికెన వేలంత ఉన్నది కొస.

"గింత సన్నందా? పెద్ద చేప పడితే ఇరుగదా?" అన్న.

"నీ బొంగులైతే ఇరుగుతయి. ఇది ఒంగుతది. పెద్ద చేపను గుంజొద్దు లచ్చిమీ, ఉరకనియ్యాలె. అది ఉరుకుతుంటె కట్టె ఒంగుకుంట పోవాలె. అలిసినంక అదే ఒడ్డుకొస్తది." ఎన్ని మాటలు! నేను ఊపిరి సుత తీయకుండ ఇన్న. "ఓదెలుకు ఎంత చెప్పినా ఇనకపోయేది. గుంజేది. గుంజి తెంపుకునేది, నన్ను తిట్టేది."

ఓదెలు పేరు తీసిండు. మాఘం తర్వాత మొదటిసారి. సత్తమ్మ చేతుల చాట ఆగింది. ఆయన కట్టె దిక్కే సూసుకుంట నిలవడ్డడు, కండ్లకెళ్లి నీళ్లు కారుతున్నయి, తుడుసుకోలే. నేను సుత తుడువలే. కారనీ అనుకున్న.

కట్టె ధర ఒక చాట ధరంత లేదు. దానికి నేను నెల రోజులు తిరిగిన.

ఇంటికొచ్చి పొయ్యి పొగకు కాపి, కొసకు రాయి కట్టి దూలానికి ఏలాడదీసిండు, సక్కగ ఆరాలని. అదే పొయ్యి కాడ అత్త కూసొని సూసింది.

2 జూన్

కట్టె ఆరుతున్నది. ఇంక జర ఆరితే బాగుండు.

7 జూన్, గురువారం

రేపే మిర్గం. కట్టె ఆరింది. దించి నూనె రాసిండు. గాలాలు అడిగిండు. "ఏడనో పెట్టిన, యాదికొస్త లేదు" అన్న.

బియ్యం డబ్బల పెట్టిన. ఎలుకలు ఎత్తుకపోతయని.

ఎలుకలు గాలాలు ఎత్తుకపోతయా? ఎవలకు చెప్తున్న నేను? గిది చదివేది నేనే గదా.

ఆయన ఇల్లంత దేవులాడిండు. గూట్ల సూసిండు, సందుగల సూసిండు. నా మొకం సూసిండు. మల్ల అడుగలే, పోయి కూసున్నడు, గోడ దిక్కు.

నేను పెరట్లకు పోయి మగ్దలేనమ్మ ముందల ఏడ్చిన. అంత చెప్పిన. ఆనాడు ఆయన లోతు సూసుకోలేదనేది అబద్ధం, అక్కడ సూసినోళ్లందరికి ఎరుకే. మెడ దాక దిగి ఇంకా నడుస్తనే ఉండె. ఒడ్డు మీద నిలవడి నేను పిలుస్తనే ఉన్న, ఎనుకకు మలిగి సుత సూడలే. ఇప్పుడు నా చేతులతోనే కట్టె ఇచ్చి ఆ నీళ్లకే పంపుమంటరు.

మగ్దలేనమ్మ నన్ను పట్టుకున్నది. "ఎన్ని దినాలు కావలి కాస్తవక్కా? గాలాలంటె దాస్తివి. గంగను ఏ డబ్బల దాస్తవు?" అన్నది.

ఇంట్లకొచ్చి బియ్యం డబ్బ ముందల కూసున్న.

8 జూన్, శుక్రారం, మిర్గం

చీకటితోనే లేచి డబ్బల చెయ్యి పెట్టి గాలాలు తీసిన. రెండు బియ్యం గింజలు అంటుకొని ఉన్నయి. ఆయన చేతుల పెట్టిన. గింజలు సూసిండు, నన్ను సూసిండు. అర్థమైంది ఆయనకు.

"నేను రావాల్నా?" అన్న.

"వద్దు. నువ్వొస్తె మాట్లాడుతవు, చేపలు పోతయి."

పోయిండు. రైలు గేటు దాక ఎనుకపడి పోయిన, ఆయనకు తెల్వకుండ. గేటు కాడ ఆగిన. ఆగుడంటె ఆగుడు గాదు, గేటు పట్టుకొని నిలవడ్డ. కట్టె భుజం మీద ఊగుకుంట పోయి తుమ్మల ఎనుక మాయమైంది. ఎనుకకు మలిగి వచ్చిన.

పొద్దెక్కింది. అందరిండ్లల్ల చేపల పులుసు వాసన. కొమురవ్వ వచ్చి "మనోడు ఇంకా రాలేదా?" అన్నది. పోయింది. మల్ల వచ్చింది. అత్త కడపల కూసున్నది, నేను ఆమె పక్కన కూసున్న. అత్త నా చెయ్యి పట్టుకున్నది. పెండ్లయినకాడికెళ్లి ఆమె నా చెయ్యి పట్టుకోలే.

పగటీలి తిండి యాళ్ల దాటింది. మబ్బు పట్టింది. వాన మొదలైంది, మిర్గం వాన, పెద్ద పెద్ద చుక్కలు. వానకు పిల్లలు ఎగురుతున్నరు. కడపలకెళ్లి లేచి ఉరుకుదామని కాలు బయట పెట్టిన. అత్త చెయ్యి ఇడువలే. "ఆగు. నువ్వు నమ్మినవు గదా. ఆగు" అన్నది.

అప్పుడు ఇనొచ్చింది, మూల మీద.

"ఏం తంగూసు తెచ్చినవే నువ్వు?"

నీళ్లు కారుకుంట, బురద కాళ్లతోటి, చేతుల ఒట్టి కట్టె, తెగిన దారం. మొకం ఎర్రగ కందింది. వాకిట్లకెళ్లే ఒర్రుకుంట వచ్చిండు. "వాలుగ! ఇంత వాలుగ! మనిషి తొడంత ఉన్నది! పొద్దుగాలకెళ్లి ఆడించిన, దాన్ని అలిపిన, ఒడ్డు దాక తెచ్చిన, చెయ్యి ఏసేటందుకు వంగిన, పటుక్కున తెగింది! నీకెవలు చెప్పిండ్రే గీ పాడు తంగూసు తెమ్మని? ఎవడన్న అమ్ముతడా దీన్ని, మనుషులు కొంటరా? ఓదెలు ఉంటె నవ్వి నవ్వి సచ్చేటోడు!"

నేను నవ్వుతున్న. నీళ్లు కారుతున్నయి కండ్లకెళ్లి, ఆగుత లేవు. అత్త "తిట్టురా, ఇంకింత తిట్టు, మంచిగ తిట్టు దాన్ని" అంటున్నది. ఆయన ఇద్దరిని సూసి "మీకేమైంది?" అన్నడు.

మగ్దలేనమ్మ గిన్నెల చేపల పులుసు తెచ్చింది, మిర్గం నాడు ఉత్త బువ్వ తినొద్దని. ఒక బుక్క తిని "ఇది చెరువు చేప" అన్నడు. వంకలు పెట్టుకుంట గిన్నె ఖాళీ చేసిండు. తినుకుంట, "రేపు నేనే పోయి మంచి తంగూసు తెస్త. ఆ వాలుగ అదే మడుగుల ఉన్నది, ఏడికీ పోదు" అన్నడు.

9 జూన్

పొద్దు మీదికొచ్చినంక లేచిన. పక్కల ఆయన లేడు, మూలకు కట్టె లేదు.

"దుకాణం తీయంగనే తంగూసు కొనుక్కొని గంగకు పోయిండు. నిన్ను లేపొద్దన్నడు" అన్నది అత్త.

"సరే" అని ఇంకా జరసేపు పండుకున్న.